లాలాగూడ రింగుకు కొత్త వల

మా డోరాకు అరవై దాటాయి. రైల్వే వర్క్‌షాపు నుంచి రిటైరైనా, సాయంత్రం కాగానే విజిల్ మెడలో వేసుకుని లాలాగూడ కోర్టుకు బయలుదేరుతుంది. ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతుంది. జీతం లేదు, భత్యం లేదు. మొగుణ్ణి కాబట్టి చాయ్ ఫ్లాస్కు మోసుకుంటూ వెనకాల నేను. ఆ ఆట నాకు ఇప్పటికీ అర్థం కాదు. డోరా అర్థమైతే చాలనుకుని సంసారం లాక్కొచ్చాను.

పిల్లల ఆట ముగిశాక పెద్దల ఆట మొదలవుతుంది. ఒకప్పుడు రైల్వేకు ఆడిన విజయేందర్, భానుప్రకాశ్ అరుగు మీద చేరి, ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్‌లో అందరికన్నా గొప్ప కెరీర్ ఎవరిదని తగువు పెట్టుకుంటారు. విజయేందర్‌కు జోర్డాన్ దేవుడు. భానుప్రకాశ్ లెబ్రాన్ పాయింట్లు ఏకరువు పెడతాడు. పదకొండు టైటిళ్లు గెలిచిన రస్సెల్‌ను వదిలేసి మీ వాదనేమిటని డోరా కసురుతుంది. పాత చింతకాయ పచ్చడే, రోజూ కొత్తగా వడ్డిస్తారు.

మొన్న శనివారం ఆ తగువు మధ్యలోకి బానో వచ్చింది. మా వెనక వీధిలో బట్టలు కుడుతూ ఒంటిచేత్తో కూతుర్ని పెంచిన మనిషి. ఆ కూతురు అతియా, డోరా శిష్యురాళ్లలో అందరికన్నా చురుకైన పిల్ల. సోమవారం ఆ పిల్లకు రైల్వే స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ట్రయల్స్ ఉన్నాయి.

“అక్కా, అతియా రాదు. సోమవారం నుంచే రాంగోపాల్‌పేట్‌ల చీరల దుకాణంల పనికి రమ్మన్నరు.”

“ట్రయల్ ఒక్క దినమే గద బానో. దుకాణమాయనకు జెర చెప్పి చూడు,” అంది డోరా.

“చెప్పిన. రాకుంటే వేరే పిల్లను పెట్టుకుంటడంట. ఇంతసేపు మీ ముచ్చట విన్న. గా అమెరికావోళ్లు మస్తు గెలిచిన్రు, మంచిదే. ఈ బంతి మా ఇంట్ల అన్నం పెడ్తదా? గది చెప్పక్కా.”

డోరాకు తన గొప్ప తాను చెప్పుకోవడం చేతకాదు. తల వంచుకుని చేతిలో బంతి తిప్పుతోంది. నాకు ఒళ్లు మండింది.

“నన్నడుగు బానో. నేను పనిచేసే ప్రెస్సు మూతపడ్డంక మా ఇంట్ల పొయ్యి వెలిగింది ఈమె జీతంతోనే. పిల్లల ఫీజులు, ఇల్లు, ఇగో ఈ చాయ్ సుత. గా నౌకరీ ఎట్లొచ్చింది? బంతి ఆడితేనే వచ్చింది.”

రింగు వైపు చెయ్యి చూపించాను. డోరా ఉద్యోగంలో చేరిన కొత్తలో దానికి వల ఉండేది కాదు. బంతి లోపల నుంచి పడిందో, పక్కనుంచి పోయిందో తేలక ప్రతి ఆటా కొట్లాటే. మొదటి జీతం రాగానే డోరా చీరైనా కొనుక్కోకుండా వల తెచ్చి కట్టింది. అప్పటినుంచి ఆమె దగ్గర ఆడిన ఏ పిల్లకు ఆటతో ఉద్యోగం వచ్చినా మొదటి జీతంలో కొత్త వల కట్టాల్సిందే. అదే గురుదక్షిణ. దింపిన పాత వలలు పారేయనివ్వదు, మా అటక మీద దాస్తుంది. ఎలుకలకు కాపురం పెట్టించావని నేను సాధిస్తూనే ఉంటాను.

“ఇప్పుడున్నది ఈమె దగ్గర ఆడిన సృజన నౌకరీ వచ్చినంక కట్టింది. అంతకుముందువి మా అటక నిండ ఉన్నయి, వచ్చి చూడు. ఒక్కొక్క వల ఒక్కొక్క ఇంట్ల అన్నం. వీళ్లు ఎవరి పేరన్న చెప్పుకోని, నా లెక్కల అందరికన్న పెద్ద కెరీర్ ఈమెదే.”

“నువ్వూకో జెర,” అంది డోరా. “నౌకరీ పక్కా అని నేను మాటియ్య, బానో. పిల్ల మాత్రం మస్తు ఆడ్తది. గది చెప్పగల.”

బానో రింగు కిందికి వెళ్లి, బట్ట కుట్టు చూసినట్టు వలను పరకాయించి చూసింది.

“ఒక దిక్కు పిగిలింది గద, కాలేబన్నా. మార్చరా?” అని నన్నడిగింది.

“ఇంకో పిల్లకు నౌకరీ వస్తేనే మార్చేది,” అన్నాను.

బానో డోరా వైపు తిరిగింది.

“సోమవారం పిల్లను ఎన్ని గంటలకు తోలియ్యాలె అక్కా?”

డోరా టైము చెప్పింది. మొదటి కప్పు చాయ్ బానోకు పోశాను. విజయేందర్, భానుప్రకాశ్ ఆ పూట జోర్డాన్ ఊసు గానీ లెబ్రాన్ ఊసు గానీ ఎత్తలేదు.