ఏడుపు రానివ్వని మామయ్య

ఆ వీధిలో వేరే సెలూన్లు ఉన్నా, జనం కబుర్లాయన కుర్చీ కోసమే కాచుకునేవారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. కత్తెర ఎంత వేగంగా ఆడేదో నోరు అంతకు రెట్టింపు ఆడేది. గుక్కపట్టి ఏడ్చే పసివాణ్ణి కూడా కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసిన చెక్కపై కూర్చోబెట్టి, క్రాపు పూర్తయ్యేలోగా కిలకిలా నవ్వించి పంపేవాడు. ఆ విద్యే ఒకనాడు తన కొంప ముంచుతుందని పాపం ఆయనకేం తెలుసు.

ఆయన చెల్లెలు జబ్బుపడి, ఏడాదిపాటు మంచానికి అతుక్కుపోయి, ఆసుపత్రిలో కన్నుమూసింది. బావ లారీ డ్రైవరు. ఇంట్లో ఉండే రోజులకంటే రోడ్డు మీద ఉండే రోజులే ఎక్కువ. అందుకని మేనకోడలినీ మేనల్లుణ్ణీ కబుర్లాయనే తన ఇంటికి తెచ్చుకున్నాడు. ముందు గది సెలూను, వెనక గదులు ఇల్లు, మధ్యలో ఒక పరదా.

వచ్చిన రోజే పిల్లవాడు కంచం ముందు కూర్చుని, అమ్మ ఎప్పుడొస్తుందని అడిగాడు. కబుర్లాయన ఏం చెయ్యాలో తోచక చెంచా ముక్కుకి తొండంలా ఆనించుకుని ఏనుగులా ఊగాడు. పిల్లవాడు నవ్వాడు. గండం గడిచిందనుకున్నాడు మామయ్య.

అదే అలవాటైంది. పిల్ల వాళ్లమ్మ ఫోటో బయటికి తీస్తే, అందులో పక్కన నిలబడ్డ తన చెవులు చేటల్లా ఉన్నాయని తన మీద తనే జోకు వేసుకునేవాడు. పిల్లవాడి మూతి వంకర తిరగడం చూస్తే చాలు, చక్కిలిగింతలు పెట్టేవాడు. పిల్లల్ని కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పమని భార్య నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. పుండు మీద కారం చల్లమంటావా అని ఆమె మీద ఎగిరాడు. వీధివాళ్లు మాత్రం తల్లి లేని లోటు తెలియకుండా పెంచుతున్నావయ్యా అని మెచ్చుకునేవారు. ఆ మాటకు ఆయన ఛాతీ ఉబ్బేది. చెల్లెలి మీద బెంగ ఆయనకు లేక కాదు. దుకాణం కట్టేశాక, మొహం తుడుచుకుంటున్నట్టు తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చేవాడు.

అలా ఏళ్లు గడిచాయి. ఒక సెలవు రోజు మధ్యాహ్నం సెలూన్లో బల్ల మీద నడుం వాల్చాడు. మామయ్య నిద్రపోయాడనుకుని పిల్లలిద్దరూ పరదా వెనక కబుర్లలో పడ్డారు. అమ్మ చిన్నప్పుడు ఎలా ఉండేదో మామయ్యని అడుగుదామని తమ్ముడంటున్నాడు.

"ఆయన ముందు అమ్మ మాట ఎత్తకురా" అంది అక్క. "ఎత్తితే జోకులేస్తాడు. మామయ్య జోకేశాడంటే ఏడుపొస్తోందన్నమాట. పాపం, తట్టుకోలేడు."

పోనీ నువ్వే చెప్పమన్నాడు తమ్ముడు. ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ చాలా నెమ్మది. గట్టిగా మాట్లాడేదే కాదు. నవ్వినా చప్పుడు వచ్చేది కాదు. ఎప్పుడూ పడుకునే ఉండేది.

బల్ల మీద కబుర్లాయన రాయిలా బిగుసుకుపోయాడు. నెమ్మదా! తన చెల్లెలా! చిన్నప్పుడు చెల్లెలు నవ్విందంటే వీధి చివర కుక్క లేచి మొరిగేది. మంచం మీది ఆ ఒక్క ఏడాదే ఈ పిల్లలకు అమ్మగా మిగిలింది. అంతకుముందున్న మనిషంతా తన దగ్గరే ఉంది, నోట్లోనే ఉంది. చావు మాట రాకూడదని బతుకు మాట కూడా రానివ్వలేదు తను. పిల్లలకు లోటు తెలియనివ్వలేదు సరే, తల్లినైనా తెలియనిచ్చాడా? తనమీద తనకే అసహ్యం వేసింది.

లేచి పరదా తీశాడు. పిల్లలు గతుక్కుమన్నారు. ఇద్దర్నీ సెలూన్లోకి పిలిచి బల్ల మీద చెరో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తాతయ్య దుకాణం నడిపే రోజుల్లో ఒకాయన గడ్డం గీయించుకోవడానికొచ్చి కుర్చీలోనే గురకపెడితే, మీ అమ్మ కత్తెర తీసుకుని ఆయన మీసం సగం కత్తిరించేసిందని చెప్పాడు. ఆయన లేచి అద్దం చూసుకుని కెవ్వుమంటే, మీ అమ్మ నవ్విన నవ్వుకి ఎదురింటివాళ్లు పరుగెత్తుకొచ్చారని చెప్పాడు.

పిల్లవాడు ఆయన మొహంలోకి పరీక్షగా చూశాడు.

"ఇదీ జోకేనా మామయ్యా?"

"కాదురా అల్లుడూ. నిజం. మీ అమ్మ అలాంటిది. ఆవిడ చచ్చిపోయిందిరా. ఇక రాదు. ఈ మాట నేను మీకు ఎప్పుడో చెప్పాల్సింది."

"నాకు తెలుసుగా" అన్నాడు వాడు. "అక్క చెప్పింది."

ఎప్పుడు చెప్పిందని అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది. ఇన్నాళ్లూ తను చెయ్యలేని పనిని ఈ పసిది ఒంటరిగా చేసిందన్నమాట. ఆయన కళ్ల వెంట నీళ్లు ధారలు కట్టాయి. ఈసారి తువ్వాలు అడ్డం పెట్టుకోలేదు.

అది చూసి పిల్ల కంగారుపడింది. తమ్ముణ్ణి మోచేత్తో పొడిచి, మొహానికి నవ్వు పులుముకుంది.

"మామయ్యా, ఒక బట్టతలాయన దువ్వెన కొనడానికెళ్లాడంట..."

అచ్చం తన గొంతే, తన వేగమే. కబుర్లాయన గుండె చెరువైంది. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వద్దమ్మా. జోకు వద్దు. నువ్వూ ఏడువు తల్లీ. మీ అమ్మ కోసం ఏడువు. నేనేమీ అనుకోను."

పిల్ల తల వంచుకుని కాసేపు ప్రయత్నించింది. పెదాలు బిగబట్టింది, కళ్లు గట్టిగా మూసి తెరిచింది. తర్వాత, ఏదో తప్పు చేసినదానిలా ఆయన వంక చూసింది.

"రావట్లేదు మామయ్యా."