గోత్రం మారినా వెంట వచ్చినది

"మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?" అని ఆదోని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగితే, ఆలోచించకుండా "లేదమ్మా" అన్నాను. పక్కనే కూర్చున్న మా అత్త ఇంకో మాట చేర్చింది.

"మా ఇంట్లో అట్లాంటివి లేవు తల్లీ. మా మామ తొంభై దాటినాక కూడా శెనక్కాయలు కొరికి తిన్యాడు."

మేమిద్దరం అబద్ధం చెప్పలేదు. ముట్టు ఆగిపోయిన రెండేళ్ళకు నాకు మళ్ళీ రక్తం కనిపిస్తే, "ఇది మంచిది కాదు, లెయ్యి" అని నన్ను లాక్కొచ్చింది మా అత్తే. ఆమెను తల్చుకోకుండా ఈ రోజుకూ నేను దీపం పెట్టను.

గర్భసంచిలో క్యాన్సర్ అని తేలింది. మొదట్లోనే దొరికింది కాబట్టి కర్నూలులో ఆపరేషన్ చేసి తీసేసినారు. నేను కోలుకున్నాను. అంతటితో అయిపోయేదే గానీ, తీసిన ముక్కను పరీక్ష చేసినవాళ్ళకు ఇది వంశంలో వచ్చేదేమో అని అనుమానం వచ్చింది. అక్కడి డాక్టరమ్మ నన్నూ అత్తనూ కూర్చోబెట్టి, ఈసారి వేరే రకంగా అడిగింది.

"మీ అమ్మ ఎట్లా పోయింది?"

"కడుపులో గడ్డ లేచి. నలభై ఎనిమిదికే పోయింది."

"అమ్మమ్మ?"

"నెత్తురు ఆగక."

"మేనమామలు?"

"ఒక్కడే. పేగులో పుండు పడి పోయినాడు."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మరి ఆదోనిలో ఎవరికీ లేదని రాయించినారే?"

"మా ఇంట్లో లేదు కదమ్మా," అన్నాను. అన్నాక నాకే తెలిసింది. పెండ్లయి ముప్పై ఏండ్లు. మా ఇల్లు అంటే నాకు అత్తగారిల్లే. నా రోగానికి మా ఆయన వంశం అంతా చెప్పి వచ్చినాను.

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "నేను చెప్పింది మటుకు నిజమే కదా తల్లీ!"

రక్తం పరీక్షలో ఇది వంశంలో వచ్చేదే అని తేలింది. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక పట్టించి చదువు చెప్పినాడు. చూసి రాసేటప్పుడు తప్పు పోతే వెనక నుంచి వేలు పెట్టి దిద్దేవాడు. అందుకే డాక్టరమ్మ చెప్పింది నాకు తొందరగా ఎక్కింది. ఒంట్లో కణాలు కూడా ఒకదాన్ని చూసి ఇంకొకటి తయారవుతాయంట. అప్పుడు పడే తప్పుల్ని దిద్దడానికి కొన్ని జన్యువులుంటాయంట. నాకు ఆ దిద్దే జన్యువుల్లో ఒకటి పుట్టుకతోనే చెడి ఉంది, అమ్మవైపు నుంచి వచ్చింది. దిద్దని తప్పులు పేరుకొని గర్భసంచిలోనో పేగులోనో క్యాన్సర్ కావచ్చు. అందరికీ వస్తుందని కాదు, కానీ మిగతావాళ్ళకంటే భయం చాలా ఎక్కువ. తోడబుట్టినవాళ్ళకు ఆ చెడిన జన్యువు ఉండటానికి సగానికి సగం అవకాశం.

నాకు తోడబుట్టింది ఒక్కతే. చెల్లెల్ని ఎమ్మిగనూరులో మగ్గాలున్న ఇంటికి ఇచ్చినాము. దానికి నలభై మూడేళ్ళు. అమ్మ పోయిన వయసుకు ఇంకా ఐదేళ్ళే.

గురువారం ఒక్కపొద్దు ఉండి, ఆ కాగితాలు పట్టుకొని బస్సెక్కినాను.

"నాకేం రోగమక్కా? రాయి మాదిరి ఉండాను," అనింది రాట్నం మీద నూలు కండెలు చుడుతూ.

"ఒక్క రక్తం పరీక్ష చేయించుకో మే."

"ఎందుకు? కన్యాదానంతోనే గోత్రం మారిపోయె. ఆ ఇంటిది ఈడికేమొస్తాది? నీకు పుస్తకాలు ఎక్కువైనాయి."

నాకు కోపం రాలేదు. నేను చేసిన పొరపాటే కదా అది. దేవుణ్ణి తల్చుకొని అడిగినాను.

"నీ కూతురు నవ్వితే అచ్చం మన మేనమామ మాదిరే చెంప సొట్ట పడతాదని మురిసిపోతావే, ఆ సొట్ట ఏ గోత్రంలో నుంచి వచ్చిందో చెప్పు."

రాట్నం ఆగింది. తల ఎత్తకుండా అనింది. "ఆర్నెల్లుగా ముట్టు పదిహేను దినాలుంటాంది అక్కా."

లోపల మగ్గం చప్పుడు కూడా ఆగిపోయింది. మరిది మగ్గం గుంతలో నుంచి లేచి వచ్చినాడు. "నాకెందుకు చెప్పలేదే?"

"మగ్గం దిగి ఎప్పుడు అడిగినావు?"

ఆయన నా వైపు తిరిగి "వదినా, రేపే పోదాం" అన్నాడు.

చెల్లెలికీ అదే జన్యువు చెడి ఉందని తేలింది. గర్భసంచి లోపలి పొర కొంచెం తీసి పరీక్షకు పంపినారు. ఆ వారమంతా నేను దేవుడి ముందు ఏమీ కోరలేదు. చెల్లెలి పేరు చెప్పి ఊరకుండినాను.

"కణాలు మారుతున్నాయి. క్యాన్సర్ ఇంకా కాలేదు," అనింది డాక్టరమ్మ. "మంచి సమయానికి వచ్చినారు."

గర్భసంచీ అండాశయాలూ తీసేసినారు. చివరి రిపోర్టులో కూడా క్యాన్సర్ లేదు. ఇద్దరమూ పేగు పరీక్ష మాత్రం తప్పకుండా చేయించుకుంటూ ఉండాలనీ, పద్దెనిమిది దాటిన పిల్లలకూ రక్తం పరీక్ష చేయించాలనీ చెప్పి పంపినారు.

బయట బల్ల మీద కూర్చున్నాము. చెల్లెలు రిపోర్టు ఒళ్ళో పెట్టుకొని అడిగింది.

"అయితే అక్కా, నేను ముసలిదాన్ని అవుతానా?"

మా అమ్మవైపు ఆడవాళ్ళలో తల నెరిసినవాళ్ళను మేము చూసింది లేదు.

"అవుతావు."

"పండ్లు ఊడతాయా?"

"అన్నీ."

"మోకాళ్ళు?"

"కూర్చుంటే లేవలేవు."

"మనవలు ఎక్కిరిస్తారా?"

"కడుపునిండా ఎక్కిరిస్తారు."

అది పకపకా నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయినాను. నర్సు తలుపు తీసుకొని వచ్చి చూసింది. "ఏమమ్మా, కాన్పయిందా ఎవరికైనా? ఇంత సంబరం?"

"లేదమ్మా," అనింది చెల్లెలు కండ్లు తుడుచుకుంటూ. "మేమిద్దరం ముసలోళ్ళం కాబోతాండాము."