కళ్లు మూసుకున్నప్పుడు కనబడిన నేల

మోకాళ్లు మొరాయించినప్పటి నుంచి ఆదివారం ఆరాధన నాకు ఫోన్‌లోనే. దాన్ని బియ్యం డబ్బాకు ఆనించి పెట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని, చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంటాను. దేవుని ముందు కాళ్లు చాపడం ఒకప్పుడు తప్పే, ఇప్పుడు చూసి గదమాయించేవాళ్లు లేరు. కిందటి నెల ఒక ఆదివారం మా పాస్టరు అయ్యగారు ప్రకటనలు చదువుతూ, మందిరంలో నేల నల్లగా ఉండడం వల్ల వీడియో చీకటిగా వస్తోందని, దూరం నుంచి చూసేవాళ్లు అదే మాట అంటున్నారని, అందుకని పాత బండల మీద తెల్ల టైల్స్ వేయించాలని సంఘం తీర్మానించిందని చెప్పారు. తర్వాత ఏ వాక్యం చదివారో నాకు గుర్తు లేదు. ఆ బండలు పరిచింది మా ఆయన.

ఇదంతా నేను చెబుతుంటే మా తోడికోడలు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, పెద్దక్షరాల బైబిలు కూడబలుక్కుంటాను, అంతకు మించి చదువు లేదు. తప్పులుంటే సగం ఆమెవి.

మాది కమలాపురం దగ్గర పల్లె. మా ఆయన ఇండ్లలో నాపరాళ్లు పరిచే పని చేసేవాడు. మాకు పెళ్లయిన రెండో ఏడు, మందిరంలో మట్టినేల తీసేసి బండలు వేయాలనుకున్నప్పుడు, ఆ పని దేవునికి తన కానుక అని ముందుకొచ్చాడు. ఇసుక మోసింది నేను, నీళ్లు మోసింది నేను. లోపల నీటిబుడగ ఆడే రసమట్టం పెట్టి, ఆ బుడగ సరిగ్గా నడిమికి వచ్చేదాకా ఒక్కో బండను ఎత్తుతూ దించుతూ నా ప్రాణం తీశాడు. చివరికి ఆడవాళ్లు కూర్చునే వైపు, మొదటి వరసలో నల్ల బండ ఒకటి తక్కువ పడితే, ఎవరింట్లోనో మిగిలిన తెల్ల బేతంచర్ల బండ తెచ్చి వేశాడు. అంత నల్లటి నేలలో అదొక్కటే తెల్లగా, నల్లచీరకు వేరే గుడ్డతో మాసిక వేసినట్టు ఉండేది. తర్వాత మారుస్తానన్నాడు, మార్చలేదు. ఎందుకంటే మా కూతురికి నడక వచ్చినప్పటి నుంచి అది తన బండ. ఇంకెవరి బిడ్డయినా దాని మీద కూర్చుంటే ఆరాధన మధ్యలోనే గిల్లేది.

ఇక ఆ జబ్బు వచ్చి మందిరాలన్నీ మూయించిన ఏడు అందరికీ తెలిసిందే. నలుగురే లోపల ఉండి ఆరాధన జరిపి, మిగతా సంఘానికి ఫోన్‌లో లైవ్ చూపిద్దామన్నారు అయ్యగారు. అంగళ్లన్నీ మూతపడి ఉన్నాయి, ఫోన్ నిలబెట్టే స్టాండు యాడా దొరకలేదు. రెండు గంటలు వణకకుండా పట్టుకునే చేతులు ఎవరివని ఆలోచిస్తే మా ఆయనే గుర్తొచ్చాడు. రసమట్టం పట్టిన చేతులు గదా.

పాటలప్పుడు బాగానే చూపించాడు. అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేద్దామనగానే, ఊహ తెలిసినప్పటి నుంచి ఉన్న అలవాటు చొప్పున, ఫోన్ పట్టుకున్న మనిషి కూడా కళ్లు మూసుకున్నాడు. చేతులు మెల్లగా దిగిపోయాయి. పావుగంట సేపు నేల తప్ప ఏమీ కనబడలేదట. ఇండ్లలో ఉన్న మేమూ కళ్లు మూసుకునే ఉన్నాం కాబట్టి మాకా సంగతి తెలియదు. మరునాడు సంఘపెద్ద మూతికి తువ్వాలు చుట్టుకుని వచ్చి మా వాకిలి అవతల నిలబడ్డాడు.

“ఏమప్పా, ప్రార్థన అయినంతసేపూ బండలే కనపడ్తాండాయి. అయ్యగారు యాడికి పోయినాడు?”

“అట్లనా అన్నా? అయితే ప్రార్థనలో నువ్వు కండ్లు తెరుసుకోని ఉంటివా?” అన్నాడు మా ఆయన.

పెద్దమనిషి తువ్వాలు ఇంకొంచెం బిగించుకుని వచ్చిన దారినే పోయాడు. నేను పొయ్యి దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

కానీ ఆ సంగతి తెలిసి అయ్యగారు, ఇకమీదట నువ్వొక్కడివే కళ్లు తెరుచుకుని ఉండమని మా ఆయనకు చెప్పారు. అది ఆయనకు పెద్ద కష్టమైంది. “అందురూ కండ్లు మూసుకోని ఉంటే నేనొకన్ని దొంగ మాదిరి సూస్తా నిలబడుకోవాల. శానా సిగ్గయితాండాది” అనేవాడు. ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, మూలన కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని ఆ ప్రార్థనంతా మళ్లీ మొదటి నుంచి చేసుకునేవాడు. పెట్టిన అన్నం చల్లారిపోయేది. “ఒక ప్రార్థనకు రెండు కూలీలు అడుగుతాండావా దేవున్ని?” అని నేను దెప్పేదాన్ని.

రెండేళ్ల తర్వాత ఆయన పోయాడు. బండల దుమ్ము రొమ్ములో పేరుకుపోయిందన్నారు. అప్పటికి మా కూతురు కువైట్‌లో ఒకరి ఇంట్లో పనికి ఉంది, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది, ఆయన పంపనన్నాడు. ఫోన్‌లో ఒకటే మాట చెప్పింది.

“మా, మూత యేసేదాకా నాయన మొగం సూపించు. ఫోన్ దించద్దు మా.”

పెట్టెను మందిరంలో నడిమిన ఉంచారు. నేను ఆడవాళ్ల వైపు మొదటి వరసలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మా మరిది వచ్చి “నీకు చేతులు వణుకుతాండాయి వదినా, నాకియ్యి” అన్నాడు, ఇవ్వలేదు. పాటలప్పుడు చూపించాను, వాక్యమప్పుడు చూపించాను. చివర అయ్యగారు ప్రార్థన చేద్దామన్నారు. నేను కళ్లు తెరుచుకునే ఉన్నాననుకున్నాను. ఆమేన్ అని కళ్లు తెరిచాక తెలిసింది, మూసుకున్నానని. పెట్టెకు మేకులు కొడుతున్నారు. ఫోన్ నా ఒళ్లోకి దిగి నేల వైపు చూస్తోంది.

రెండు రోజులు నా బిడ్డ ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు. కన్నతండ్రి కడసారి చూపు నా చేతుల్లో పెడితే నేను జారవిడిచాను, ఇక ఈ జన్మకు నాతో మాట్లాడదనుకున్నాను. మూడోనాడు చేసింది.

“నా తెల్ల బండ కనపడింది మా. అంతసేపూ దాన్నే సూస్తా కూర్చున్యా.”

అంతే అంది. నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజంగా దానికి అదే చాలనిపించిందో నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు.

అందుకే టైల్స్ మాట విన్నాక, పని మొదలుకావడానికి ముందటి ఆదివారం, ఆటో మాట్లాడుకుని మందిరానికి పోయాను. ఇప్పుడు మూడు కాళ్ల స్టాండు మీద కెమెరా ఉంది, దాన్ని చూసుకునేది మా మరిదే. ప్రార్థనప్పుడు దాని తల కొంచెం తెల్ల బండ మీదికి వంచమని అడిగాను.

“అయ్యగారు తిడ్తాడు వదినా.”

“యెవురు సూసి చెప్తారప్పా?”

వాడు నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. ప్రార్థన మొదలయ్యాక కెమెరా తల వంగడం ఒక్క క్షణం చూసి, నేను కళ్లు మూసుకున్నాను.

ఆ పూట ఆ నేలను ఎంతమంది చూశారో తెలియదు. ఇంతవరకు ఒక్కరూ నోరెత్తలేదు, ఎత్తితే కళ్లు తెరిచినట్టు ఒప్పుకోవాలి. మా కూతురు మాత్రం ఆ సాయంత్రం ఫోన్ చేసి, అక్కడి ఎండ గురించి, నా మోకాళ్ల గురించి మాట్లాడి, పెట్టేసే ముందు, “మా, ఈపొద్దు ప్రార్థనలో నేను కండ్లు మూసుకోలేదు” అంది.

టైల్స్ వేశారు. బాగానే ఉన్నాయి, వీడియోలో అయ్యగారి మొహం వెలిగిపోతోంది, కువైట్‌లో ఉన్నా కమలాపురంలో ఉన్నా ఒకేలా కనబడుతోంది. కెమెరాకు చేతులు నొప్పి పుట్టవు, నిద్ర రాదు, అలవాటు కొద్దీ కళ్లు మూసుకోవడమూ ఉండదు. అందరి కోసం ఒక మనిషి కళ్లు తెరుచుకుని సిగ్గుపడుతూ నిలబడాల్సిన అవసరం ఇప్పుడు లేదు. ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం చల్లారిపోతున్నా లేవకుండా అదే ప్రార్థన మళ్లీ చేసుకునే మనిషీ లేడు.