చక్కెర డబ్బా వెనక ఫోన్

నాచారం కంపెనీలో లేత్ మిషన్ నడిపే మొగిలయ్య రోజూ పొద్దున ఏదో ఒక కంపెనీ షేర్లు కొంటాడు. రేటు ఇంతకు పడితే వాటంతటవే అమ్ముడుపోవాలని స్టాప్‌లాస్ పెట్టి, మార్కెట్ మూసే మూడున్నర దాకా ఫోన్‌ను గేటు పక్క టీకొట్టు సారలమ్మకు అప్పగిస్తాడు. ఆమె దాన్ని చక్కెర డబ్బా వెనక పెడుతుంది. నిరుడు రేటు మళ్లీ లేస్తుందనే ఆశతో స్టాప్‌లాస్ తానే తీసేసి, ఆరు నెలల జీతం పోగొట్టుకున్నాడు.

మొన్న మార్కెట్ పడుతోందని విని, ఇనుప రజను అంటిన చేతులతోనే ఉరికొచ్చాడు. "జర ఫోనియ్యక్కా."

"అడిగినా ఇయ్యొద్దని నువ్వే జెప్పినవ్ గద తమ్మీ. మూడున్నర గానియ్యి."

కాసేపు డబ్బా వైపే చూసి, వెనక్కి వెళ్లి మిషన్ ఆన్ చేశాడు. మూడున్నరకు ఫోన్ చూసుకుంటే తను పెట్టిన రేటుకే షేర్లు ఎప్పుడో అమ్ముడైపోయాయి. ఆ తర్వాత రేటు ఇంకా చాలా కిందికి జారింది.

"ఎంత వోయింది తమ్మీ?"

మొగిలయ్య టీ గ్లాసు అందుకుని బల్ల మీద తీరిగ్గా కూర్చున్నాడు. "నేననుకున్నంతే అక్కా."