వెలగని హెచ్చరిక దీపం

లారీ షెడ్డులో అతణ్ణి అందరూ ఉరుము అంటారు. ఎదుట అనే ధైర్యం ఎవరికీ లేకపోయినా ఆ పేరు తనదేనని అతనికి తెలుసు. చాటుగా విన్నప్పుడల్లా ఇంకాస్త గట్టిగా ఉరిమేవాడు. బిగుసుకుపోయిన నట్టును తిట్టేవాడు, చేయి జారిన పానాను తిట్టేవాడు, ఎండనూ వాననూ, ఆ రెండింటికీ నడుమ ఎటూ తేల్చుకోలేని మబ్బునూ తిట్టేవాడు. నోరు ఎంత దురుసైనా చేయి మాత్రం అశ్రద్ధ ఎరుగదు.

భార్య తమ్ముణ్ణి అతనే పెంచాడు. తల్లీదండ్రీ లేని ఆ పిల్లవాణ్ణి పెళ్లయిన కొత్తలోనే ఇంటికి తెచ్చుకున్నాడు. చదువు అబ్బకపోతే పక్క సీటులో కూర్చోబెట్టుకొని స్టీరింగు నేర్పాడు. మోకాళ్లు మొరాయించాక ఆ పొడవాటి ట్రైలర్ లారీని బావమరిది చేతికి అప్పగించాడు గానీ, కొండదారి మాటెత్తితే తాను పక్కన ఉంటేగాని ఒప్పుకునేవాడు కాదు. ఆ ఉదయం మొదటిసారిగా ఒప్పుకున్నాడు. బావమరిది ఫ్యాక్టరీలో సిమెంటు బస్తాలు ఎత్తించుకొని, ఒంటరిగా కొండ దిగాలి.

బావమరిది దువ్వుకున్న జుట్టుతో, ఉతికిన చొక్కాతో పెళ్లికొడుకులా సీటెక్కి తాళం తిప్పాడు. ఉరుము మెట్టు మీద నిలబడి లోపలికి తొంగిచూశాడు. తాళం తిప్పగానే బ్రేకుల హెచ్చరిక దీపం వెలగాలి. అంతా సవ్యంగా ఉంటే కాసేపటికి ఆరాలి. ఆ రోజు అది వెలగనే లేదు.

"మళ్లీ తిప్పు."

తిప్పాడు.

"లైటేదిరా?"

"ఆరిపోయింది కదా బావా! అంటే బ్రేకులు భేషుగ్గా ఉన్నట్టే."

"వెలగంది ఎలా ఆరుతుందిరా, బుద్ధిమంతుడా?"

ఉరుము లోపలికి దూరి డాష్‌బోర్డు పలక ఊడదీశాడు. బల్బు ఉండవలసిన చోట ఖాళీ గుంట కనిపించింది. బావమరిది తల వంచుకొని చొక్కా జేబులోంచి బల్బు తీశాడు.

"ఊరికే కళ్లలో పొడుస్తోంది. అందుకే..."

"అందుకే పీకి జేబులో వేసుకున్నావా? రేపు నేను అరుస్తున్నానని నా గొంతు కూడా పీకి జేబులో వేసుకుంటావా? దిగు! ముందు దిగు కిందికి!"

ఆ కేక విని షెడ్డు వెనక ఇంట్లోంచి భార్య టిఫిను డబ్బాతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏవండీ, వాడు బయలుదేరే వేళ ఈ గోలేమిటి?"

"నీ తమ్ముడు కాటికి బయలుదేరాడే! డబ్బా ఇంట్లో పెట్టు."

బావమరిదికి రోషం వచ్చింది. "అంత మాటెందుకు బావా? ముందరి ఎడమ చక్రం సెన్సర్ వెనక్కి జారుతోంది, అంతే. లోపలికి నొక్కితే లైటు పోతుంది. కొంత దూరం పోయాక మళ్లీ వస్తుంది. మళ్లీ నొక్కుతాను. విసుగొచ్చి బల్బు తీశాను. ఆ నొక్కడం నేర్పింది నువ్వే కదా!"

ఉరుము మిగతా చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డుపెట్టి, జాకీతో ఆ చక్రాన్ని నేల మీంచి ఎత్తాడు. సెన్సర్ వేలెడంత కడ్డీ. చక్రంతో పాటు తిరిగే పళ్ల చట్రానికి దాదాపు ఆనుకొని ఉండి, చక్రం ఎంత వేగంగా తిరుగుతున్నదో చెబుతుంది; దూరం జరిగితే దానికి ఏమీ తెలియదు, అప్పుడు దీపం వెలుగుతుంది. ఉరుము దాని జోలికి పోలేదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని బలంగా ఊపాడు. లోపల ఎక్కడో టక్కుమంది. మళ్లీ ఊపాడు. మళ్లీ టక్కుమంది.

"వినబడిందా? బేరింగు వదులైంది. చక్రం ఊగుతోంది, ఊగినప్పుడల్లా పళ్ల చట్రం సెన్సర్‌ను వెనక్కి నెడుతోంది. పాపం, అది చెప్పీ చెప్పీ అలిసిపోయింది. నువ్వు దాని నోరు నొక్కుతూ వచ్చావు! సెన్సర్ నొక్కే ముందు నేను ప్రతిసారీ చక్రం ఊపడం చూడలేదూ?"

"చూశాను."

"మరి?"

"నీ మోకాళ్లు పట్టేశాయి, లేవడానికి చక్రం పట్టుకుంటున్నావు అనుకున్నాను బావా."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉరుముకు నవ్వు రాలేదు. ఏ రోజూ నోరు విప్పి 'ఇందుకు ఊపుతున్నాను' అని చెప్పిన గుర్తు అతనికి లేదు. లోకంలో ఉన్న ప్రతి వస్తువునూ తిట్టిన నోరు, చెప్పవలసిన ఆ ఒక్క మాటా చెప్పలేదు. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక చేతిలోని పానాను నేలకేసి కొట్టాడు.

చక్రం నడుమ ఉండే హబ్బు విప్పి చూస్తే గ్రీజు మాడి తారులా ఉంది. బేరింగు వేడికి నీలం తిరిగి ఉంది. లోడుతో కొండ మలుపు తిరిగి ఉంటే చక్రం ఒక దారి, బండి ఒక దారి అయ్యేవి. అంతలో ఫ్యాక్టరీ గుమాస్తా ఫోను చేశాడు.

"రాదయ్యా! ఈ రోజు మా బండి రాదు! ఏం, మీ బస్తాలకు తొందరేమైనా ఉందా? లోయలో పడితే అవీ గట్టిపడతాయి!" అని ఉరుము ఫోను పెట్టేశాడు.

"నా ట్రిప్పు పోయింది," అని గొణిగాడు బావమరిది.

"నువ్వు పోలేదుగా! కూర్చో. నేను చేయి పెట్టను, నువ్వే చెయ్యి. నేను చెబుతాను."

ఆ పూటంతా చెప్పాడు. చెప్పడమంటే అరవడమే. కొత్త బేరింగుకు గ్రీజు లోపలి దాకా ఎక్కించమని అరిచాడు. నట్టు ఎంత బిగించాలో, ఆ తరువాత ఎంత వదలాలో అరిచాడు. సెన్సర్‌ను సుత్తితో కొట్టవద్దని, బొటనవేలితో పళ్ల చట్రానికి తగిలే వరకు నొక్కి చక్రం తిప్పితే అదే తన చోటు చూసుకుంటుందని అరిచాడు. ఎందుకని బావమరిది అడిగిన ప్రతిసారీ మొహం చిట్లించి, జవాబు మాత్రం చెప్పాడు.

మర్నాడు లోడు దొరికింది. చక్రం బిగువుగా ఉంది. బల్బు తిరిగి పెట్టిన దీపం వెలిగి, కాసేపటికి ఆరింది. ఉరుము పక్క సీటు తలుపు తీసి, ఒక్క క్షణం ఆగి, ఎక్కకుండానే ధడాలున మూశాడు.

"పో!"

లారీ గేటు దాటింది. ఉన్నట్టుండి అతను కుంటుతూ దాని వెంటపడ్డాడు.

"ఒరేయ్! దిగేటప్పుడు చిన్న గేరులోనే ఉండు! బ్రేకు అదేపనిగా తొక్కకు, డ్రమ్ములు కాలిపోతాయి! కాలితే పట్టవు! అందుకు! వింటున్నావా? అందుకు!"

"వాడికి వినబడదండీ," అంది భార్య గేటు దగ్గరి నుంచి.

"వినబడకపోతే వాడి ఖర్మ!" అన్నాడు ఉరుము, లారీ మలుపు తిరిగే దాకా అరుస్తూనే.