ఊపిరి డ్యూటీ

తిమింగలం చేప కాదని పిల్లలతో ఒప్పించడానికి ఏటా నాకు ఒక పూట పడుతుంది. చెన్నూరులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. గోదావరిలో కొర్రమట్టలూ జెల్లలూ చూసి పెరిగినవాళ్లు, నీళ్లలో ఉండి రెక్కలాడించేది చేప కాకపోతే ఇంకేమిటని నన్నే అడుగుతారు. చేప తోక పక్కలకు ఆడుతుంది, తిమింగలం తోక పైకీ కిందికీ ఆడుతుంది, ఉరికే మేక నడుము చూడండి, అలాగే వంగుతుంది అంటాను. దాని ముందరి రెక్క లోపల వేళ్ల ఎముకలున్నాయనీ, దాని పూర్వీకులు ఒకప్పుడు గిట్టలతో నేల మీద నడిచాయనీ చెప్పేసరికి వెనక బెంచీలో నవ్వులు మొదలవుతాయి. నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. ఎముకలన్నీ బోర్డు మీద గీసి, వాళ్లతోనూ గీయిస్తాను.

మొన్నటి ఎండాకాలం సెలవుల్లో ఆ పాఠానికి కొత్త బొమ్మలు గీసుకుంటూ మందమర్రిలో మా పుట్టింట్లో, అవ్వాబాపుల దగ్గర ఉన్నాను. బొమ్మలు సాకు మాత్రమే. వెళ్లింది బాపు కోసం. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి, దుమ్ముకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఉంది. దానికి అలవాటు పడ్డాడు గాని నిద్రకు దూరమయ్యాడు. కన్ను మూతపడితే ఊపిరి ఆగిపోతుందని ఆయన భయం. గోడకు దిండు ఆనించుకుని కూర్చునేవాడు, తల వాలగానే ఉలిక్కిపడి లేచేవాడు. నిద్రలో ఊపిరి ఆగదు, నిద్ర లేకపోతేనే మనిషి దక్కడు అని డాక్టర్ మా ముందే చెప్పాడు. నిద్రకని ఇచ్చిన మాత్రలు దిండు కింద దొరికేవి. అవ్వ బతిమాలేది. నేను అరిచేదాన్ని. ఏదైనా ఒకటికి రెండుసార్లు చెప్పవలసి వస్తే నా గొంతు దానంతట అదే లేస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన మంచం అంచునే కాగితాలు పరుచుకుని గీస్తుంటే, దీని ముక్కు నెత్తి మీదికి ఎందుకు పోయిందని బాపు అడిగాడు. చాలా రోజులకు ఆయన దేని గురించైనా అడిగాడని నాకు ఉత్సాహం వచ్చింది. నేల మీద ఉన్నప్పుడు దీని ముక్కు కూడా మూతి చివరే ఉండేదనీ, తరతరాలుగా నీళ్లకు అలవాటు పడుతూ ముక్కు కొద్దికొద్దిగా వెనక్కి జరిగి నడినెత్తికి చేరిందనీ, తల మొత్తం ఎత్తకుండానే గాలి పీల్చడానికి అది వీలుగా ఉంటుందనీ చెప్పాను. వెనక కాళ్లు పోయాయి గాని తుంటి ఎముకలు చిన్నవి రెండు లోపల ఇంకా మిగిలే ఉన్నాయని గీసి చూపించాను. చింతపండు గింజలు తీస్తున్న అవ్వకు ఇదంతా విడ్డూరంగా తోచింది. తిమింగలానికే యాదిలేని ముచ్చట నీకెందుకే, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంది.

నేను ఆగలేదు. తిమింగలాల జాతివే అయిన డాల్ఫిన్ల ఊపిరి మనలా దానంతట అది నడవదు, ప్రతిసారీ పైకి వచ్చి తెలిసి తీసుకోవాలి, అందుకే వాటి మెదడు సగం నిద్రపోతే సగం మెలకువగా ఉంటుంది అని గడగడా చెప్పేశాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను. ఊపిరి ఆగుతుందని కన్ను మూయని మనిషికి చెప్పవలసిన సంగతేనా ఇది? కానీ బాపు మొహం తేటపడింది.

"సగం పండుకుంటె సగం డ్యూటీల ఉంటదన్నట్టు. తర్వాత మార్చుకుంటయా?"

మార్చుకుంటాయన్నాను.

"మంచిగున్నది. రిలీవర్ రాకుండ జాగ ఇడువది."

బాపు బాయి లోపల పంపు నడిపేవాడని నాకు తెలుసు. అది ఎలాంటి పనో ఆ రోజే విన్నాను. లోపల నీరు ఊరుతూనే ఉంటుందట. పంపు ఆగితే పని జాగా మునుగుతుంది. షిఫ్టు అయిపోయినా, తర్వాతి మనిషి పంపు దాకా వచ్చి నిలబడితే గాని కదలకూడదు. నీళ్లు ఎంతవరకున్నాయి, వాల్వు ఎక్కడ కారుతోంది, అంతా నోటితో ఒప్పజెప్పాలి. అతను రాకపోతే రెండో షిఫ్టు కూడా తనే. అక్కడ ఏనాడూ కన్ను మూయలేదట. ఒప్పజెప్పి పైకి వచ్చాక మాత్రం ఎంత గోలలోనైనా బల్ల మీద పడి నిద్రపోయేవాడట. ఇంత చెప్పేసరికి ఆయాసం వచ్చింది. ఊపిరి కూడదీసుకుని నా వైపు చూశాడు.

"అందరు పండుకో పండుకో అనెటోళ్లే బిడ్డా. ఒక్కలన్న అచ్చి డ్యూటీ తీసుకున్నరా?"

మనిషికి ఆ ఫికర్ అక్కర్లేదని, ఊపిరి సంగతి మెదడు కిందిభాగం చూసుకుంటుందని పాఠం నోటిదాకా వచ్చింది. మింగేశాను. బొమ్మలు పక్కన పెట్టి, స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నాను.

"నేనచ్చిన బాపూ. ఒప్పజెప్పు."

పరాచికం ఆడుతున్నానేమోనని నా మొహంలోకి చూశాడు. తర్వాత నడుము నిటారు చేసుకున్నాడు. నేనెప్పుడూ వినని గొంతుతో, పనిలో ఉన్న మనిషిలా చెప్పాడు.

"ఊపిరి నడుస్తున్నది. కుడి దిక్కు జర బరువున్నది. దగ్గస్తె లేపు. ఊకె లేపకు."

"సరే. నేను చూసుకుంట."

బాపు ముక్కు దగ్గరి పైపు సరిచేసుకుని, ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాడు. అవ్వ చింతపండు వదిలేసి మా ఇద్దరినీ చూస్తూ ఉండిపోయింది. కొద్దిసేపటికే ఆయన నోరు కొంచెం తెరుచుకుంది, చెయ్యి వదులై దిండు మీది నుంచి జారింది. నిజంగానే నిద్రపోయాడు. నాకు ఏడుపు వచ్చింది, చప్పుడవుతుందని ఆపుకున్నాను.

నిద్రలో మనిషి ఊపిరి దానంతట అదే నడుస్తుందని ఏటా పిల్లలకు చెప్పేది నేనే. పరీక్షలో అలా రాయకపోతే మార్కులు కోసేదీ నేనే. ఆ మధ్యాహ్నం మాత్రం ఆ మాట మీద నాకు నమ్మకం కుదరలేదు. బాపు ఛాతీ లేవడం, దిగడం, మళ్లీ లేవడం చూస్తూ కూర్చున్నాను. రెప్ప వేయాలంటే భయమేసింది.