కత్తిపీటకి తెగని గులాబీ కొమ్మ

మాది గజపతినగరం. పోయిన చలికాలం మా పెరట్లో బొటనవేలంత లావెక్కిన గులాబీ కొమ్మలు కొట్టేద్దామనుకున్నాను. కత్తెరకి తెగలేదు. పెద్ద కట్టరు కొందామంటే మా అత్త అడ్డం పడింది.

"కందదుంపనే కోసేసిన కత్తిపీట ఉన్నాది. కట్టరేటే నీకు?"

కత్తిపీట దగ్గరికి కూరగాయ వస్తుంది గానీ చెట్టు రాదు కదా! అయినా ఆవిడ మాట విన్నాను. మొక్క పక్కనే కత్తిపీట వేసుకుని కూర్చుని, కొమ్మని వంచి కత్తికి ఆనించాను. గాటైనా పడలేదు. చేయి జారి, కొమ్మ ఠపీమని లేచి ముళ్ళతో సహా నా తలని చుట్టుకుని జడలో దిగబడింది.

సరిగ్గా అప్పుడే మా ఇంట్లో ప్రార్థనకి పాస్టరుగారు వచ్చారు. తల చుట్టూ ముళ్ళతో ఉన్న నన్ను చూసి కళ్ళు మూసుకున్నారు. అది భక్తో, నవ్వు ఆపుకోవడమో నాకిప్పటికీ తెలీదు.

"అత్తా, కొమ్మ కోసీ!" అని అరిచాను. ఆవిడ కత్తెర పట్టుకొచ్చింది.

"దీనికి కొమ్మ తెగదని నువ్వే సెప్పావు కదే," అంటూ కరకరా నా జడ కోసేసింది.

ఆ తర్వాత పొడుగు పిడుల కట్టరు కొన్నాం. ఆ కొమ్మని మాత్రం అత్త ముట్టుకోనివ్వలేదు; తెగిన జడని ఆ మొక్క మొదట్లోనే పాతేసింది. ఈ ఏడు విరగబూసింది.

"జుట్టు మంచి ఎరువే," అంటాది.

ఇన్ని పువ్వులున్నాయి, పెట్టుకుందామంటే జడేదీ?